చర్మం కింద పుట్టిన ఎముక

ఈ ఏడాది మా తెలుగు తరగతి గది కిటికీలో కొన్నాళ్ళపాటు ఒక గాజు సీసా ఉంది. సీసాలో సిర్కా, సిర్కాలో ఒక కోడికాలి ఎముక. లోపలికి వచ్చిన ప్రతివారూ, "ఇది సైన్సు ల్యాబులో ఉండాలి కదా, తెలుగు గదిలో ఎందుకుంది?" అని అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పి చెప్పి అలసిపోయాం. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

స్మృతి నగర్ నుంచి సైకిల్ మీద వచ్చే ఏడో తరగతి అబ్బాయి ఒకడు వానాకాలంలో జారిపడి కుడి ముంజేయి విరగ్గొట్టుకున్నాడు. రెండు రోజులకు తెల్లటి ప్లాస్టర్‌తో తరగతికి వచ్చాడు. ఊళ్ళో ఉన్న వాళ్ళ అమ్మమ్మ ఫోన్ చేసి, "వెంటనే పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించండి" అని పట్టుపట్టిందట. చిత్తూరు వైపు పుత్తూరు కట్టుకు ఉన్న పేరు అలాంటిది. భిలాయి నుంచి పుత్తూరు ఎంత దూరమో ఆవిడకు ఎవరూ చెప్పలేకపోయారు. ఆ అబ్బాయి ప్లాస్టర్ మీద మాత్రం తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీ, ఇంగ్లిష్ లిపుల్లో సంతకాలు పడ్డాయి.

వాడు ఎక్స్‌రే ఫిల్ము కూడా తెచ్చి కిటికీ వెలుగుకు పెట్టి చూపించాడు. విరిగిన చోటు స్పష్టంగా కనబడుతోంది. దానికి కాస్త కింద, మణికట్టు దగ్గర, ఎముకకు అడ్డంగా ఇంకో నల్లటి గీత ఉంది. వాళ్ళ నాన్నగారు ఆ గీత చూసి రెండో చోట కూడా విరిగిందనుకుని రాత్రంతా నిద్రపోలేదట. మర్నాడు డాక్టరుగారు, "అది విరుగుడు కాదండీ, మీవాడు పొడుగు పెరిగేది అక్కడే" అని చెప్పాక గాని ఆయన కుదుటపడలేదు.

"మేడమ్, ఎముక మధ్యలో ఎముక కానిది ఎందుకుంది?" అని వాడు అడిగాడు. ఆ రోజు మేము చెప్పాల్సింది సంధులు. సంధులు మర్నాటికి వాయిదా వేశాం.

ఆ గీతలో ఉన్నది మృదులాస్థి. ఈ మాట తరగతిలో ఎవరికీ తెలియదు. ఇంగ్లిష్‌లో కార్టిలేజ్ అని తెలుసు, హిందీలో ఉపాస్థి అని తెలుసు. మృదువైన అస్థి కనుక మృదులాస్థి. చెవి మడిచి వదలండి, తిరిగి నిలబడుతుంది. ముక్కు కొన పట్టుకుని అటూ ఇటూ కదపండి. ఆ మెత్తటి గట్టిదనమే మృదులాస్థి. ఎక్స్‌రే కిరణాలను అడ్డుకునేది ముఖ్యంగా ఎముకలోని కాల్షియం. మృదులాస్థిలో అది అంతగా ఉండదు కాబట్టి ఫిల్ము మీద అది ఖాళీలా, నల్లగా కనబడుతుంది. అప్పుడే పుట్టిన పాపాయి చేతిని ఎక్స్‌రే తీస్తే మణికట్టులో ఉండాల్సిన ఎనిమిది చిన్న ఎముకల జాడే సాధారణంగా కనబడదు. అవి లేక కాదు, అప్పటికి అవన్నీ మృదులాస్థిగానే ఉంటాయి. నెలలు, ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కొక్కటే ఎముకగా మారి ఫిల్ము మీదికి వస్తాయి. అందుకే మణికట్టు ఎక్స్‌రే చూసి పిల్లల వయసు అంచనా వేయగలుగుతారు. క్రికెట్ బోర్డు అండర్-16 ఆటగాళ్ళకు చేసే 'బోన్ టెస్ట్' ఇదే. ఆ మాట వినగానే వెనక బెంచీలవాళ్ళు కూడా ముందుకు జరిగారు.

ఇక్కడ చిన్న గొడవ జరిగింది. కరీంనగర్ నుంచి ఈ సంవత్సరమే వచ్చిన అమ్మాయి ఎముకను 'బొక్క' అంది. శ్రీకాకుళం పిల్లలు పకపకా నవ్వారు, వాళ్ళకు బొక్క అంటే చిల్లు. నవ్వు ఆగాక ఆ అమ్మాయే, "మూలుగ బొక్క తిన్నరా మీరెప్పుడన్న?" అని అడిగింది. తిన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మూలుగ అంటే ఎముక లోపలి మజ్జ, మన రక్తకణాలు పుట్టే చోటు. చిల్లు ఉన్న ఎముకలోనే మూలుగ ఉంటుంది కనుక రెండు అర్థాలూ ఒక చోట కలిశాయని రాజీ కుదిర్చాం. భాషాశాస్త్రజ్ఞులు మమ్మల్ని మన్నించాలి.

మృదులాస్థి ఎముకగా ఎలా మారుతుందో చెప్పడానికి స్మృతి నగర్‌లోనే ఉదాహరణ దొరికింది. అక్కడ ఎప్పుడూ ఏదో ఒక ఇల్లు లేస్తూనే ఉంటుంది. స్లాబు వేసే ముందు చెక్కలతో, రేకులతో సెంట్రింగ్ కడతారు. దానిమీద ఇనుప ఊచలు, ఇక్కడివాళ్ళు సరియా అంటారు, అల్లి కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు గట్టిపడ్డాక సెంట్రింగ్ విప్పేస్తారు. తల్లి కడుపులో మన కాళ్ళూ చేతులూ తయారయ్యేటప్పుడు మృదులాస్థి చేసే పని దాదాపు ఆ సెంట్రింగ్ పనే. ముందు మెత్తటి నమూనా వస్తుంది. తరువాత దానిలోకి రక్తనాళాలు చొచ్చుకు వస్తాయి, వాటితోపాటు ఎముక కట్టే కణాలు వస్తాయి, పాతదాన్ని కరిగిస్తూ ఆ చోట ఎముక కడతాయి. తేడా ఒకటుంది. మేస్త్రి సెంట్రింగ్ మొత్తం ఒకేసారి విప్పుతాడు. శరీరం కొస దగ్గర కొంచెం ఉంచి, ఒకవైపు దాన్ని పెంచుతూ ఇంకోవైపు ఎముకగా మారుస్తూ పోతుంది. అబ్బాయి మణికట్టు దగ్గరి నల్లగీత అలా ఉంచిన సెంట్రింగే. మగపిల్లలకు అక్కడ అది పూర్తిగా మూసుకునేది సుమారు పదిహేడు, పద్దెనిమిదేళ్ళకు.

ఊచలూ సిమెంటూ పోలిక ఎముకకు కూడా సరిపోతుంది. ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజం, అంటే కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన పదార్థం. అది సిమెంటు. మిగిలినదాంట్లో అధికభాగం కొల్లాజెన్ అనే ప్రోటీను దారాలు. అవి ఊచలు. శరీరద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవడానికి ప్రపంచమంతా వాడిన పద్ధతి ఒకటుంది, ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. 1925లో వెలువడిన ఆ పద్ధతిలోని సుబ్బారావుగారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన గురించి మీ పాఠాల్లో వస్తుంది కాబట్టి ఇక్కడ ఆగుతున్నాం.

మా సీసాలో జరిగింది ఏమిటంటే, సిర్కాలోని ఆమ్లం ఎముకలోని సిమెంటును కరిగించేసింది. మొదటి రోజు సన్నటి బుడగలు వచ్చాయి. రెండు రోజులకోసారి సిర్కా మార్చాం. వారం దాటాక బయటికి తీసి కడిగి చూస్తే ఎముక ఆకారం అలాగే ఉంది, కానీ రబ్బరులా వంగుతోంది. మాంసం ముట్టని ఇళ్ళ పిల్లలు కొందరు కోడిగుడ్డు పెంకుతోనూ, గుడ్డు కూడా ముట్టనివాళ్ళు సుద్దముక్కతోనూ చేశారు. సుద్దముక్క వంగలేదు, కానీ బుడగలు బాగా వచ్చాయని వాళ్ళు సంతోషించారు.

ఇలా సున్నం తీసేసిన ఎముక చూడ్డానికి పనికిరానిదిలా ఉంటుంది. ఒక పెద్ద పరిశోధన మొదలయింది మాత్రం సరిగ్గా అక్కడే.

1889లోనే నికొలస్ సెన్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు, జబ్బు చేసి గుల్లపడ్డ ఎముకల్లో సున్నం తీసిన ఎముక ముక్కలు నింపి చూశాడు. అవి మందును పట్టి ఉంచుతాయని ఆయన ఆలోచన. ఆ గుల్లలు పూడాయి. 1931లో చార్లెస్ హగ్గిన్స్, మూత్రాశయం లోపలిపొరను పొట్ట కండరాల పొరలో నాటితే అక్కడ ఎముక పుట్టడం గమనించాడు. మూత్రాశయమెక్కడ, ఎముకెక్కడ! తరువాత ఆయన క్యాన్సర్ పరిశోధన వైపు వెళ్ళి 1966లో నోబెల్ బహుమతి అందుకున్నాడు, కానీ ఈ వింత ఆయన్ని వదల్లేదు. 1965లో లాస్ ఏంజిలస్‌లోని మార్షల్ యూరిస్ట్, సున్నం తీసిన ఎముకను జంతువుల కండరాల్లో పెట్టాడు. కండరం మధ్యలో కొత్త ఎముక తయారయింది. పెట్టిన ముక్క పెరగలేదు. దాని చుట్టూ చేరిన ఆ జంతువు సొంత కణాలే ఎముకగా మారాయి. అంటే ఆ ముక్కలో ఏదో ఉంది. వచ్చిన కణాలకు 'ఎముక కట్టండి' అని అది చెబుతోంది. ఆ 'ఏదో'కి యూరిస్ట్ 1971లో బోన్ మార్ఫోజెనెటిక్ ప్రోటీన్ అని పేరు పెట్టాడు. దాన్ని బి.ఎమ్.పి. అని పొట్టిగా పిలుస్తారు. పేరయితే పెట్టారు, వస్తువు మాత్రం చేతికి రాలేదు.

ఇక్కడ మన పిల్లలు ఎదురుచూసిన పేరు వస్తుంది. ఎ. హరి రెడ్డి. ఇంగ్లిష్‌లో తన పేరు చివర 'వై' కాకుండా 'ఐ' రాస్తారాయన. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రంలో హార్మోన్ల మీద పరిశోధన చేసి, షికాగోలో హగ్గిన్స్ దగ్గరికి వెళ్ళారు. తరువాత బెతెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థల దంత పరిశోధన విభాగంలోనూ, బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్‌లోనూ, 1997 నుంచి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలోనూ పనిచేశారు. మేము ఈ ఊళ్ళు చదువుతుంటే పిల్లలు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "అయిదు పోస్టింగులు మేడమ్!" అన్నారు. ఆరో పాఠశాలలో చదువుతున్న ఒక అమ్మాయి, "నాకంటే ఒకటి తక్కువ" అంది.

1972లో హగ్గిన్స్, రెడ్డి కలిసి ప్రచురించిన పని చూడడానికి చాలా సాదాగా ఉంటుంది. ఎలుక ఎముకను శుభ్రం చేసి, పొడి చేసి, ఆమ్లంలో సున్నం తీసేశారు. మా కిటికీలో మేము చేసినట్టే, కాకపోతే సిర్కా బదులు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడారు. ఆ పొడిని మరో ఎలుక చర్మం కింద పెట్టారు. చర్మం కింద ఎముక ఎన్నడూ ఉండదు కాబట్టి అక్కడ ఏం పుట్టినా కొత్తగా పుట్టినట్టే. ఆ తరువాత ఏ రోజు ఏం జరుగుతోందో వరసగా చూస్తూ వెళ్ళారు.

మొదటి రోజు అక్కడ నెత్తురు గడ్డకట్టి తెల్లకణాలు చేరాయి, ఏ గాయానికైనా చేరినట్టే. మూడో రోజుకు ఇంకా ఏ వృత్తీ ఎంచుకోని కణాలు వచ్చి పొడి రేణువులకు అంటుకుని సంఖ్య పెంచుకున్నాయి. అయిదో రోజుకు అవి మృదులాస్థి కణాలుగా మారడం మొదలుపెట్టాయి. ఏడెనిమిది రోజులకు మృదులాస్థి నిండుగా ఉంది. తొమ్మిదో రోజుకు రక్తనాళాలు చొచ్చుకు వచ్చాయి. పది, పదకొండు రోజులకు ఎముక కట్టే కణాలు పనిలోకి దిగాయి. ఆ తరువాత చెక్కే కణాలు వచ్చి ఎక్కువైనదాన్ని తొలగించి ఆకారం దిద్దాయి. ఇరవై ఒకటో రోజుకు ఆ బుల్లి ఎముక లోపల మూలుగ ఉంది. కరీంనగర్ అమ్మాయి ఇక్కడ చప్పట్లు కొట్టింది.

తల్లి కడుపులో బిడ్డకు జరిగే వరస, పెరిగే పిల్లవాడి మణికట్టులో జరిగే వరస, ఒక పెద్ద ఎలుక చర్మం కింద మూడు వారాల్లో మొదటినుంచి చివరిదాకా నడిచింది. అంతవరకు ఇదంతా గర్భంలో మరుగున జరిగేది. ఇప్పుడు ఏ రోజుది ఆ రోజు బయటికి తీసి కొలవచ్చు. ఈ పరిశోధనలో మాకు అన్నిటికంటే నచ్చింది ఈ సంగతి. గొప్ప పరికరం కనిపెట్టి సాధించింది కాదిది, చూడడానికి అనువైన చోటు వెతికిపట్టుకుని సాధించింది.

ఎలా కొలిచారో కూడా చెప్పాలి, భిలాయి పిల్లలకు తప్పకుండా చెప్పాలి. మృదులాస్థి తయారీలో గంధకం బాగా ఖర్చవుతుంది. కనుక రేడియోధార్మిక గంధకం ఇచ్చి, అది ఏ రోజు ఎక్కువగా పట్టిందో చూస్తే మృదులాస్థి ఎప్పుడు ముమ్మరంగా తయారయిందో తెలుస్తుంది. ఎముక గట్టిపడడాన్ని రేడియోధార్మిక కాల్షియంతో పట్టుకున్నారు. మరి మూలుగలో రక్తం తయారవడం మొదలయిందని ఎలా తెలుస్తుంది? రక్తం ఎర్రగా ఉండేది హీమ్ వల్ల, హీమ్ మధ్యలో ఉండేది ఇనుము. అందుకని రేడియోధార్మిక ఇనుము ఇచ్చారు. రాజహరా గనుల నుంచి వచ్చే ఖనిజంతో రోజూ పట్టాలు తయారుచేసే ఊళ్ళో ఉంటున్నాం కదా. ఇంతింత ఇనుముతో కూడా పని ఉంటుందని, అది టన్నుల లెక్కకే కాదని ప్లాంటులో పనిచేసే తండ్రులకు చెప్పమని పిల్లలను పంపాం.

ఒక అమ్మాయి చేయెత్తి, "ఎలుకలకు నొప్పి వెయ్యదా?" అంది. ప్రశ్న న్యాయమైనది. మత్తు ఇచ్చి చేస్తారు, కానీ వాటి ప్రాణం పోయేది నిజమే. మన దేశంలో ఇలాంటి ప్రయోగాలకు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కమిటీ నిబంధనలు పాటించాలి, ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ అమ్మాయికి ఈ జవాబు పూర్తిగా నచ్చలేదు. నచ్చి తీరాలని మేము పట్టుబట్టలేదు.

ఇంకా ఒక చిక్కు మిగిలే ఉంది. పొడిలో దాగిన ఆ 'ఏదో'ని బయటికి తీయడం. అది నీళ్ళలో కరగదు, దారాలకు గట్టిగా పట్టుకుని ఉంటుంది. 1981లో టి. కె. సంపత్, హరి రెడ్డి దానికి ఒక దారి చూపారు. దాన్ని మేము వంటింటి భాషలో చెప్పాం. చింతపండు నానబెట్టి పిసికితే పులుసు దిగి పిప్పి మిగులుతుంది. వాళ్ళు ఎముక పొడిని గ్వానిడిన్ అనే ఘాటైన రసాయనంలో నానబెట్టారు. 'పులుసు' ఒకవైపు, 'పిప్పి' ఒకవైపు అయ్యాయి. పిప్పిని మాత్రమే ఎలుక చర్మం కింద పెడితే ఏమీ పుట్టలేదు. పులుసును మాత్రమే పెట్టినా ఏమీ పుట్టలేదు. రెండింటినీ మళ్ళీ కలిపి పెడితే ఎముక పుట్టింది.

ఈ ఒక్క ప్రయోగంలో రెండు సంగతులు తేలాయి. 'ఎముక కట్టండి' అనే చీటీ పులుసులో ఉంది. కానీ చీటీ ఒక్కటీ చాలదు, మేస్త్రీలు నిలబడి పని చేయడానికి పరంజా కావాలి, ఆ పరంజా పిప్పిలో ఉంది. పరంజా ఎలాంటిదైనా పనికిరాదు కూడా. 74 నుంచి 420 మైక్రాన్ల రేణువులున్న పొడి పనిచేస్తుంది. అంతకంటే మెత్తగా నూరితే, అదే ఎముక అయినా, పనిచేయదు. ఇడ్లీ రవ్వకూ మైదాపిండికీ ఉన్న తేడా అన్నమాట. ఆ మెత్తటి పొడిలోని పులుసు తీసి రవ్వలాంటి పిప్పికి కలిపితే మళ్ళీ ఎముక పుట్టింది. అంటే చీటీ పాడవలేదు, ఆనుకునే చోటు కుదరలేదంతే.

1983లో వాళ్ళిద్దరే మనిషి, కోతి, ఆవు, ఎలుక ఎముకల పులుసులను ఎలుక పిప్పితో కలిపి చూశారు. వేరే జాతి ఎముకపొడిని నేరుగా పెడితే ఎలుక శరీరం ఒప్పుకోదు. పులుసులోని చిన్న ప్రోటీన్లను మాత్రం తీసి పెడితే నాలుగూ పనిచేశాయి. నాలుగు జంతువులదీ ఒకటే భాష! మేము ఇన్ని రాష్ట్రాల్లో పనిచేశాం, బస్సు టికెట్టు అడగడానికి కూడా ప్రతిచోటా మాట మార్చుకోవాల్సి వచ్చింది.

ఆ ప్రోటీనును పూర్తిగా వేరుచేసి, దాని జన్యువులను పట్టుకోవడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. ఆ పరుగులో ఒక్క హరి రెడ్డి జట్టే లేదు. 1988లో అమెరికాలోని జాన్ వోజ్నీ బృందం బి.ఎమ్.పి. జన్యువులను మొదట ప్రకటించింది. హరి రెడ్డి బృందం హెపరిన్‌కు అంటుకునే గుణం ఆధారంగా ఆస్టియోజెనిన్ అనే ప్రోటీనును శుద్ధి చేసి 1989లో దాని అమరిక బయటపెట్టింది. అది బి.ఎమ్.పి.లలో మూడోదని తేలింది. ఒక తలుపును చాలామంది నెట్టారు. మన పేరున్నాయన ఒక్కరే నెట్టారని పత్రికలో రాస్తే మనకు గర్వంగా ఉంటుంది గాని నిజం కాదు.

జన్యువులు చేతికి వచ్చాక అసలు ఆశ్చర్యం బయటపడింది. అరటిపండు చుట్టూ తిరిగే పండు ఈగలో కూడా దాదాపు ఇవే ప్రోటీన్లు ఉన్నాయి. ఈగకు ఎముకలే లేవు! ఈగ శరీరంలో అవి వెన్ను ఎటు, పొట్ట ఎటు అని నిర్ణయించే పనిలో ఉన్నాయి. 1993లో సంపత్, ఆయన సహచరులు ఈగ ప్రోటీనును ఎలుక చర్మం కింద పెట్టి చూస్తే అక్కడ ఎముక తయారయింది. మన శరీరంలోనూ ఈ ప్రోటీన్లకు ఎముక పని ఒక్కటే కాదు. గుండె, మూత్రపిండం లాంటివి ఏర్పడడానికీ ఇవి కావాలి. అందుకే హరి రెడ్డి 2005లో, వీటి పేరులో బోన్ బదులు బాడీ అని ఉండాలని సూచించారు. పొడి అక్షరాలు అవే ఉంటాయి, అర్థం మాత్రం ఒళ్ళంతా పరుచుకుంటుంది.

'కీలెరిగి వాత' అనే మాట మీకు తెలుసు. కీళ్ళ సంగతి కూడా ఈ కథలో ఉంది. కీలు దగ్గర మృదులాస్థి ఎముకగా మారకూడదు, జీవితాంతం మెత్తగానే ఉండాలి. 1994లో హరి రెడ్డి బృందం మృదులాస్థి నుంచి ఇలాంటివే రెండు ప్రోటీన్లను గుర్తించింది. అందులో ఒకటి లోపిస్తే ఎలుకల వేళ్ళు పొట్టిగా ఉంటాయి, కొన్ని కీళ్ళు సరిగా ఏర్పడవు. మనుషుల్లో కూడా ఆ జన్యువు దెబ్బతింటే కాళ్ళూ చేతులూ పొట్టిగా ఉండే ఒక అరుదైన స్థితి వస్తుందని 1996లో తెలిసింది. కీలులోని మృదులాస్థికి రక్తనాళాలు లేవు. అందుకే అరిగితే తనంతట తాను సరిగా పూడ్చుకోలేదు. మీ తాతయ్యలు, నానమ్మలు మోకాళ్ళు పట్టుకుని లేవడం చూస్తారు కదా, వాళ్ళ బాధకు చాలాసార్లు కారణం ఇదే. చీటీ, పరంజా, కణాలు ఈ మూడింటినీ సరైన పాళ్ళలో కలిపి మృదులాస్థిని తిరిగి పెంచడమెలా అన్నది ఇప్పటికీ పూర్తిగా తేలని లెక్క. మీలో ఎవరికైనా లెక్కలు ఇష్టమైతే ఇది మిగిలి ఉంది.

చీటీ చాలా బలమైనది కూడా. 2002 నుంచి అమెరికాలో వెన్నుపూసల శస్త్రచికిత్సలో బి.ఎమ్.పి. వాడకానికి అనుమతి ఉంది. శరీరం తనంతట తాను వాడుకునేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు పెట్టాల్సి వచ్చింది. వాపు, అక్కర్లేని చోట ఎముక పెరగడం లాంటి ఇబ్బందులు తరువాత బయటపడ్డాయి. దాని మీద వైద్యుల్లో పెద్ద వాదమే నడిచింది.

"మరి ఎముక ఎక్కడ ఆగాలో ఎవరు చెబుతారు?" అని ప్లాస్టర్ అబ్బాయి అడిగాడు. దానికీ శరీరంలో వేరే చీటీలున్నాయి. నాగిన్ అనే ప్రోటీను బి.ఎమ్.పి.ని పట్టుకుని దాని నోరు నొక్కేస్తుంది. నాగిన్ లేకుండా పుట్టిన ఎలుకల్లో కీళ్ళు ఏర్పడక ఎముకలు అతుక్కుపోయాయి. మనుషుల్లో ఇంకో అరుదైన జబ్బు ఉంది. అందులో దెబ్బ తగిలినచోట కండరాలే క్రమంగా ఎముకగా మారిపోతాయి. బి.ఎమ్.పి. మాట వినే 'చెవి' లాంటి ఒక ప్రోటీనులో, దాని జన్యువులో ఒక్క అక్షరం మారడమే దానికి కారణమని 2006లో తేలింది. ఒక్క అక్షరం అనగానే తరగతి మా వైపు చూసింది. డిక్టేషన్‌లో ఒత్తు పోయిందని మార్కు కోసిన ప్రతిసారీ మేము అనే మాటే అది.

ప్లాస్టర్ లోపల మూడు నాలుగు వారాల్లో జరిగినది కూడా ఇంచుమించు ఇదే వరస. విరిగినచోట నెత్తురు గడ్డకట్టింది, కణాలు చేరాయి, రెండు ముక్కల మధ్య మెత్తటి మృదులాస్థి అతుకు పడింది, అది ఎముకగా మారింది. చిన్నప్పటి పాఠాన్ని ఎముక మళ్ళీ మొదటినుంచి చదువుకుంది. తరగతిలో కిటికీ పక్కన సీసాలో ఎముక మెత్తబడుతుంటే, వాడి చేతిలో ఎముక గట్టిపడుతూ ఉంది.

దసరా సెలవుల తరువాత వాడు రాలేదు. వాళ్ళ నాన్నగారికి విశాఖపట్నం బదిలీ అయింది. సీసాలోని ఎముకను ఎవరు ఉంచుకోవాలన్న తగాదా తేలకముందే అది ఎండి గట్టిపడి వంకరగా మిగిలింది. ఇప్పుడు మా అల్మారాలో ఉంది. పోయిన నెల వాడు కొత్త ఎక్స్‌రే ఫోటో పంపాడు. విరిగినచోట ఎముక ఉబ్బెత్తుగా, పక్కవాటికంటే తెల్లగా ఉంది. అది కూడా చెక్కే కణాలు వచ్చి నెమ్మదిగా సాఫు చేస్తాయని జవాబు రాశాం. మణికట్టు దగ్గరి నల్లగీతను వాడే వేలితో చూపించి, 'సెంట్రింగ్ ఇంకా విప్పలేదు మేడమ్' అని తెలుగులో, ఒత్తులన్నీ సరిగా పెట్టి రాశాడు.